ఉయ్యాల గొలుసు ఏడుపు

2023 వర్షాకాలం. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక టిఫిన్ హోటలు మేడ మీద నాకో గది ఉంది. దాన్ని నేను ల్యాబ్ అంటాను. మా ఇంట్లో వాళ్లు గోడౌన్ అంటారు. కింద హోటలు నడిపే సుబ్బారావు గారు "ఆ పొగ వచ్చే గది" అంటారు. ముగ్గురిలో ఎవరి మాటా అబద్ధం కాదు.

నా పని చిన్న చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు డిజైన్ చేయడం. ట్యాంకు నిండితే మోగే అలారం, చీకటి పడగానే వెలిగే అక్వేరియం లైటు, పాటకు తగ్గట్టు మినుకుమనే క్రిస్మస్ స్టారు, ఇలాంటివి. హాబీగా చేసుకునేవాళ్లు సగంలో వదిలేసినవి కూడా నా దగ్గరికే వస్తాయి. ముందుగా ప్రతిదాన్నీ కంప్యూటర్లో సిమ్యులేషన్ చేస్తాను. సిమ్యులేషన్ అంటే సర్క్యూట్ బొమ్మ గీసి, దానికి కరెంటు ఇచ్చినట్టు లెక్కగట్టి, ఎక్కడ ఎంత వోల్టేజీ వస్తుందో చూడటం. అందులో ఏదైనా కాలిపోతే వాసన రాదు. నిజానికీ సిమ్యులేషన్‌కీ అదొక్కటే తేడా అని ఆ రోజుల్లో నా గట్టి నమ్మకం.

ఒక మధ్యాహ్నం ముప్పై ఏళ్లాయన మెట్లెక్కి వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఫోను నా ముందు పెట్టాడు. తెర మీద ఇలా ఉంది: "బ్రదర్, నా పేరు డేనియల్. నాకు వినపడదు."

నేను చదివి, తలూపి, మామూలు కంటే గట్టిగా "చెప్పండి" అన్నాను. ఆయన ఓపిగ్గా ఆ రెండో వాక్యం మీద వేలు పెట్టి మళ్లీ చూపించాడు. అక్కడి నుంచి ఇద్దరం టైపు చేసుకోవడం మొదలుపెట్టాం.

డేనియల్ విజయవాడలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పని చేస్తాడు, ఉండేది కొండపల్లిలో. భార్య జ్యోతి ఇంటి దగ్గరే కొండపల్లి బొమ్మలకు రంగులు వేస్తుంది. ఆమెకీ వినపడదు. వాళ్లకు మూడు నెలల బాబు, పేరు ఆశీర్వాదం. వాడికి మాత్రం శుభ్రంగా వినిపిస్తుంది, వాడు కూడా అందరికీ శుభ్రంగా వినిపిస్తాడు, కన్నవాళ్లకు తప్ప.

"రాత్రి ఏడిస్తే ఇప్పుడెవరు లేపుతున్నారు?" అని టైపు చేశాను.

"అత్తగారు. మైలవరం నుంచి వచ్చింది. అంగన్‌వాడీలో ఆయా. సెలవు అయిపోతోంది. వెళ్తూ బాబుని తీసుకెళ్తానంటోంది. మాటలు వచ్చేదాకా అక్కడే ఉంచుతుందట. జ్యోతి ఒప్పుకోవట్లేదు."

"గొడవా?"

"రోజూ. ఇద్దరూ చేతులతో పోట్లాడుకుంటారు. ఇంట్లో ఫ్యాను అక్కర్లేదు."

ఇంత బాధలో ఉన్న మనిషి నాకంటే మంచి జోకు వేయడం నాకు నచ్చలేదు. వెంటనే పనిలోకి దిగాను. ఆన్‌లైన్‌లో దొరికే బేబీ మానిటర్ కొనలేదా అని అడిగాను. కొన్నారట. అది పక్క గదిలో పెద్దగా శబ్దం చేస్తుంది. "మాకు శబ్దం వద్దు బ్రదర్. మాకు లేపేది కావాలి" అని రాశాడు.

డిజైన్ కష్టమైందేమీ కాదు. ఒక మైకు. అది పట్టిన సన్నటి సిగ్నల్‌ను పెంచడానికి ఆంప్లిఫయర్. తర్వాత ఫిల్టర్, అంటే ఒక మోస్తరు శ్రుతిలో ఉన్న శబ్దాలనే లోపలికి రానిచ్చే కాపలాదారు. ఫ్యాను రొద, లారీ రొద గేటు బయటే ఆగిపోతాయి, పిల్లవాడి ఏడుపు లోపలికొస్తుంది. ఆపైన కంపారేటర్. శబ్దం నేను పెట్టిన గీత దాటిందా లేదా అన్నదొక్కటే అది చూస్తుంది. దాటితే తలగడ కింద పెట్టిన మోటారు గడగడా వణుకుతుంది. కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీ.

ఏడుపు రికార్డింగ్ బాబు వాళ్ల అమ్మమ్మ గారు ఫోన్లో పట్టి పంపించారు. ఆ ఫైలును నేరుగా సిమ్యులేటర్‌లోని మైకు స్థానంలో పెట్టొచ్చు. నిజం పిల్లాడి ఏడుపు, బొమ్మ సర్క్యూట్. చక్కగా పనిచేసింది. తర్వాత నిజం సర్క్యూట్ కట్టి, స్పీకర్లో అదే ఏడుపు పెట్టి పరీక్షించాను. రోజంతా. సాయంత్రానికి సుబ్బారావు గారు పైకొచ్చారు.

"ఏమయ్యా, పిల్లాడెవడు పైన?"

"కస్టమర్ వాళ్ల బాబండి."

"తల్లేదీ?"

"కొండపల్లిలో ఉందండి."

"మరి పిల్లాణ్ణి ఇక్కడ పెట్టుకుని ఏం చేస్తున్నావు?"

"ఏడిపిస్తున్నానండి."

ఆయన గదంతా కలియజూసి, స్పీకర్‌ను చూసి, నన్ను చూసి, తెచ్చిన పాల గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. వృథా చేయడం ఎందుకని నేనే తాగాను.

డేనియల్ వచ్చి సర్క్యూట్ పట్టుకెళ్లాడు. మైకు బాబుకు ఎంత దగ్గరుంటే అంత మంచిదనీ, వాడి చేతికి మాత్రం అందకూడదనీ చెప్పాను. ఆ ఒక్క వాక్యం ఎంత పని చేసిందో తర్వాత తెలిసింది.

రెండు రోజులకు జ్యోతి నుంచి మెసేజ్ వచ్చింది. "తమ్ముడూ, మిషను రాత్రంతా లేపింది. చెయ్యి పడిపోయింది."

మిషను లేపితే చెయ్యెందుకు పడిపోతుందో నాకర్థం కాలేదు. అడిగేలోపే ఫోను మోగింది. అమ్మమ్మ గారు, రాజకుమారి గారు.

"బాబూ, ఆ మిషను చేసింది నువ్వేనా?"

"నేనేనండి."

"అది అబద్ధాలు చెబుతోంది నాయనా. పిల్లాడు ఎప్పుడో పడుకున్నాడు. అయినా ఆ మిషను జ్యోతిని నిద్రపోనివ్వదు. వద్దే అంటే వినదు నా కూతురు. తలగడ వణుకుతోంది, బాబు ఏడుస్తున్నాడంటుంది. ఆదివారం నేను వెళ్తున్నా. పిల్లాణ్ణి తీసుకునే వెళ్తా. ఇంక ఆ మిషను సంగతి నువ్వే చెప్పు దానికి."

తప్పుగా మోగడాన్ని మేము ఫాల్స్ ట్రిగ్గర్ అంటాం. రాజకుమారి గారు అబద్ధం అన్నారు. ఆవిడ మాటే సూటిగా ఉంది.

కొండపల్లి కదా, రైళ్ల పని అయి ఉంటుందనుకున్నాను. గూడ్సు బండి శబ్దం ఒకటి సంపాదించి సిమ్యులేటర్‌లోకి వదిలాను. ఫిల్టర్ దాన్ని గేటు దగ్గరే ఆపేసింది. కుక్కలు, వాన, పక్కింటి టీవీ, కుక్కరు విజిలు వేశాను. విజిలుకు కాసేపు తడబడింది కానీ, రాత్రంతా పప్పు ఉడకబెట్టే ఇల్లు ఎక్కడా ఉండదు. స్క్రీను మీద నా సర్క్యూట్ నిర్దోషి. ఆ మాట మెసేజ్ పెడితే జ్యోతి ఏమంటుందో ఊహించుకుని, మెసేజ్ పెట్టకుండా బస్సెక్కాను.

వాళ్లది రెండు గదుల అద్దె ఇల్లు. ముందు గదిలో చాప మీద కొండపల్లి బొమ్మల తలలు వరసగా ఆరుతున్నాయి, మొండేలు ఇంకో వరసలో ఉన్నాయి. జ్యోతి చేతులు తుడుచుకుని నమస్కారం పెట్టింది. కళ్ల కింద నల్లగా ఉంది. రాజకుమారి గారు నన్ను పైనుంచి కిందకి చూసి, "ఇంత చిన్నపిల్లాడివా" అన్నారు. అది ప్రశ్న కాదు.

లోపలి గదిలో స్లాబు కొక్కేనికి ఇనప గొలుసు, గొలుసుకు చీరతో కట్టిన ఉయ్యాల. ఉయ్యాలకో తాడు. తాడు రెండో కొస మంచం దగ్గరుంది. పడుకున్న చోటు నుంచే లాగి ఊపుకోవచ్చు. మా అమ్మ కూడా నన్ను అలాగే ఊపేదట, నేను చూసిన సాక్షిని కాదు. డేనియల్ మైకును నేను చెప్పినట్టే బాబుకు దగ్గరగా, చేతికందకుండా, గొలుసుకు కట్టాడు. తప్పేమీ కనిపించలేదు.

ఆశీర్వాదం నిద్రపోతున్నాడు. మిషను నోరెత్తలేదు. మెకానిక్ ముందు బండి ఎప్పుడూ బుద్ధిగా స్టార్టవుతుంది, ఇదీ అదే జాతి. ఒక టీ అయింది. ఇంకో టీ ఇవ్వబోతుండగా వాడు లేచి ఏడుపందుకున్నాడు. మంచం మీద తలగడ వణికింది. జ్యోతి ముందు గదిలో రంగులు సర్దుతోంది. పిలిచి చూపించాను. మామూలుగా రాత్రి ఎలా చేస్తుందో అలాగే చేసి చూపించమని టైపు చేశాను. ఆమె మంచం మీద వాలి, తలగడ మీద చెయ్యి ఉంచి, తాడు లాగడం మొదలుపెట్టింది.

బాబు కాసేపటికి ఊరుకున్నాడు. కళ్లు మూతలు పడ్డాయి. ఆమె లాగుతూనే ఉంది. తలగడ వణుకుతూనే ఉంది.

గదిలో ఇంక ఒక్కటే శబ్దం.

కిర్ర్. కిర్ర్. కిర్ర్.

నేను స్లాబు వైపు చూశాను. రాజకుమారి గారు నా వైపు చూశారు. తాడు వదిలేయమని జ్యోతికి చేత్తో చూపించాను. ఉయ్యాల ఆగింది, గొలుసు ఆగింది, తలగడ ఆగింది. ఈసారి నేను లాగాను. గొలుసు కిర్రుమంది, తలగడ వణికింది. ఆశీర్వాదం హాయిగా నిద్రపోతున్నాడు.

"అంటే ఏడ్చేది పిల్లాడు కాదు, గొలుసు" అన్నారు రాజకుమారి గారు.

అంతే. బాబు ఒకసారి ఏడిస్తే తలగడ వణుకుతుంది. తల్లి ఊపుతుంది. ఊపితే తుప్పు గొలుసు కిర్రుమంటుంది. దాని శ్రుతి, ఏడుపు శ్రుతి పక్కపక్క ఇళ్లవాళ్లు. పైగా మైకు గొలుసు మీదే కూర్చుంది. కాబట్టి తలగడ మళ్లీ వణుకుతుంది. బాబు ఇంకా ఏడుస్తున్నాడేమోనని తల్లి మళ్లీ ఊపుతుంది. మా భాషలో దీన్ని పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. మీటింగులో మైకును స్పీకర్ ముందుకు తీసుకెళ్తే కీచుమంటుందే, అదే. కాకపోతే ఇక్కడ ఆ చక్రంలో ఒక మనిషి చెయ్యి ఉంది. వినిపించే వాళ్లయితే గొలుసును తిట్టుకుని పడుకుంటారు. వినిపించేది రాజకుమారి గారికి, కానీ ఆవిడ చెవికి గొలుసు మోత ఇంటి మోతల్లో ఒకటి. నా సిమ్యులేటర్‌లో మైకు ఉంది, మోటారు ఉంది, గూడ్సు బండి కూడా ఉంది. ఉయ్యాల లేదు, తాడు లేదు, అమ్మ లేదు.

ముందు ఆ కిర్రును ఫోన్లో రికార్డు చేసుకున్నాను. తర్వాత పక్కింట్లో కుట్టు మిషను నూనె ఇప్పించుకుని, స్టూలెక్కి కొక్కెం దగ్గర నాలుగు చుక్కలు వేశాను. కిర్రు ఆగింది. తలగడా ఊరుకుంది. జ్యోతి నా చేతిలోని నూనె డబ్బాను చూసింది, మంచం పక్కన ఉన్న సర్క్యూట్‌ను చూసింది, మళ్లీ డబ్బాను చూసింది. ఏమీ టైపు చేయలేదు. దయగల మనిషి.

రాజకుమారి గారికి అంత దయ లేదు. "దీనికి ఇంజనీరింగ్ దాకా చదవాలా బాబూ?"

"చదివితేనే స్టూలు ఎక్కనిస్తారండి."

"వానాకాలం. తుప్పు మళ్లీ వస్తుంది. నూనె ఆరిపోయిన రోజున వీళ్లకు చెప్పేదెవరు? ఆదివారం నా ప్రయాణం మారదు" అన్నారు. అదే మాట చేతులతో కూతురికీ చెప్పారు. జ్యోతి చేతులు చాలా వేగంగా ఏదో జవాబిచ్చాయి. డేనియల్ చెప్పిన గాలి నాకూ తగిలింది. ఏమంటోందని అడిగాను.

"నీ అబ్బాయినైతే ఎవరికైనా ఇచ్చేదానివా అంటోంది. నాకు అబ్బాయే లేడు, నేనేం చెప్పను" అని ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకున్నారు.

ఫోన్లో గొలుసు శబ్దంతో వెనక్కొచ్చాను. సిమ్యులేటర్‌లో వేస్తే ఫిల్టర్ దాన్ని దర్జాగా లోపలికి రానిచ్చింది. మొదటిసారి స్క్రీనూ, కొండపల్లీ ఒకే మాట చెప్పాయి. సగం బరువు దిగింది. నేను కట్టింది చెడిపోలేదు, నేను గీసింది చాల్లేదు, అంతే.

ఆ ఉత్సాహంలో నాకొక గొప్ప ఐడియా వచ్చింది. ఉయ్యాల కదలికను పట్టే చిన్న స్విచ్ పెడదాం. ఉయ్యాల ఊగుతోందంటే అమ్మ అక్కడే ఉందని అర్థం, అంతసేపు మైకు నోరు మూసుకుంటుంది. ఎంత పొందికగా ఉందో చూసుకుని మురిసిపోయి జ్యోతికి రాశాను.

జవాబు ఒక్క ముక్క: "కాళ్లు?"

"ఎవరి కాళ్లు?"

"బాబువి. ఏడిస్తే కాళ్లు తన్నుకుంటాడు. ఉయ్యాల కదులుతుంది. మిషను నోరు మూసుకుంటుంది. అప్పుడు నన్నెవరు లేపుతారు?"

గొప్ప ఐడియాను ఫోల్డరుతో సహా తీసేశాను. సుబ్బారావు గారి హోటల్లో ఇడ్లీ తిన్నాను. ఓడిపోయినా ఇడ్లీ బాగానే ఉంది. తింటూ, ఇంతకీ ఆమె రాత్రంతా ఎందుకు ఊపిందని మళ్లీ ఆలోచించాను. గొలుసు వల్ల, నిజమే. కానీ వినిపించే తల్లి ఎప్పుడు ఊపడం ఆపుతుంది? ఏడుపు సన్నబడి, మూలుగై, ఆగిపోతే. అదంతా ఆమెకు చెవిలో పడుతూ ఉంటుంది. నా మిషను జ్యోతికి మొదలుపెట్టమని చెప్పింది. ఎంత తగ్గిందో, ఎప్పుడు ఆపాలో చెప్పలేదు. కంపారేటర్‌కు అవును, కాదు తప్ప ఇంకో మాట రాదు. పిల్లాడి ఏడుపు ఆ రెండు మాటల మధ్యే ఉంటుంది.

కాబట్టి ఈసారి తలగడ మోటారు లేపడానికి మాత్రమే ఉంచాను. దాని పక్కన ఒక వరస ఎల్‌ఈడీ లైట్లు పెట్టాను. శబ్దం ఎంత ఉంటే అన్ని లైట్లు వెలుగుతాయి. పాత టేప్‌రికార్డర్ల మీద పాటతో పాటు లేచి పడే లైట్ల లాంటివే. ఏడుపు తగ్గుతుంటే ఒక్కొక్కటే ఆరుతుంది. పడుకున్న చోటు నుంచే, తాడు లాగుతూనే చూడొచ్చు. మైకును ఉయ్యాల నుంచి తీసి గోడకు మార్చాం. డేనియల్ గొలుసు పీకేసి నైలాన్ తాడు కట్టాడు. నా సలహా అవసరమే పడలేదు.

లైట్ల పెట్టె జ్యోతి తయారు చేయించింది. కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి చెక్కతో చేసిన కోడిపుంజు, ఎర్ర జుట్టు, పచ్చ రెక్కలు. లైట్లు తోకలో వచ్చాయి. కోడిపుంజే ఎందుకని అడిగితే, "లేపడం దాని పని. నీది కాదు" అని రాసింది.

శనివారం పరీక్ష. ఒప్పందం ఇదీ: రాజకుమారి గారు ముందు గదిలో పడుకుంటారు, ఏం వినిపించినా కూతుర్ని లేపరు. "నేను లేవను. కానీ నిద్రపోను" అన్నారు ఆవిడ. తెల్లారాక ఆవిడ ఏమంటే అదే.

ఆ రాత్రి నా పని మీద నమ్మకంతో హాయిగా పడుకున్నానని రాస్తే బాగుంటుంది. ఫోను తలగడ కింద పెట్టుకున్నాను. అది ఎప్పుడు వణికినా లేచి చూశాను. ఒకసారి డేటా ప్యాక్ అయిపోవస్తోందట. ఇంకోసారి ఎవరికో శుభోదయం తొందరగా అయింది.

ఆదివారం ఉదయం రాజకుమారి గారి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక బస్టాండు రొద.

"బాబూ, నేను. పిల్లాడు రాత్రి లేచాడు. నేను తలుపు దగ్గరే కూర్చున్నా. వాడు ఏడుపందుకోగానే జ్యోతి లేచింది. పాలు పట్టింది, ఉయ్యాల్లో వేసి ఊపింది. కోడి తోక వైపే చూస్తూ ఊపింది. తర్వాత..." మధ్యలో కండక్టరు ఎవరినో తిట్టాడు. "తర్వాత వాడు ఊరుకున్నాడు. నేను చెప్పకుండానే తాడు వదిలేసింది బాబూ. నేను చెప్పలేదు. అదే వదిలేసింది. నేనూ పడుకున్నా ఇంక."

దాని కిందే జ్యోతి మెసేజ్ ఉంది.

"అమ్మ బస్సెక్కింది. బాబు ఎక్కలేదు."

నేను కిందికెళ్లి సుబ్బారావు గారిని పాలు అడిగాను. "పిల్లాడు మళ్లీ వచ్చాడా?" అన్నారు. "లేదండి, వాళ్లమ్మ దగ్గరే ఉన్నాడు" అన్నాను. ఆయనకు ఏమర్థమైందో కానీ, పాలలో చక్కెర ఎక్కువ వేసి ఇచ్చారు.

ఇప్పటికీ సిమ్యులేషన్ చేయకుండా ఏదీ కట్టను. అయితే సర్క్యూట్ గీసే ముందు ఒక తెల్ల కాగితం మీద అది పెట్టబోయే గది గీస్తాను. గోడలు, కొక్కేలు, కిటికీ, అందులో తిరిగే మనుషులు, వాళ్ల చేతులు ఏం పట్టుకుని ఉంటాయో. ఆ మనుషులు కూడా సర్క్యూట్‌లో భాగాలే, షాపులో దొరకవు కాబట్టి మర్చిపోతాం. ఇంకోటి, ఏ అలారం అడిగినా, ఇది మోగాక మీకు ఆగిందని ఎలా తెలుస్తుందని అడుగుతాను. చాలామంది దగ్గర జవాబు ఉండదు. అక్కడి నుంచే నా డిజైన్ మొదలవుతుంది.

వినపడనివాళ్లు తమకు దగ్గరైన మనిషికి సైగల్లో ఒక పేరు పెట్టుకుంటారు, ప్రతిసారీ అక్షరాలన్నీ పేర్చుకోవాల్సిన పని లేకుండా. డేనియల్ ఆ మధ్య వచ్చినప్పుడు నాకూ ఒక పేరు పెట్టామన్నాడు. సంతోషించాను. ఎలక్ట్రానిక్స్‌కు సంబంధించి ఏదైనా అయి ఉంటుందనుకున్నాను. చూపించమంటే, చెయ్యి పైకెత్తి, బొటనవేలూ చూపుడువేలూ రెండుసార్లు నొక్కాడు.

నూనె డబ్బా.